ఎద్దు వద్దన్న బక్ష్యం

మొన్న డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, "అమ్మా, ఇంక మీరు కొర్రన్నమే తినాలి" అన్నాడు. మా కోడలు ఆ మాట పట్టుకొని, ఇంటికొచ్చే దోవలోనే అంగడికి పోయి, రంగుల సంచీలో బొమ్మ వేసి అమ్మే కొర్రలు కొనుక్కొచ్చింది. మరునాడు మధ్యాహ్నం వండి కంచంలో పెట్టింది. నేను వేలితో అటూ ఇటూ కదిపి, ఒక మెతుకు ముక్కు దగ్గరికి తెచ్చుకొని, మళ్ళీ కింద పెట్టాను. "మీకన్నా చిన్నపిల్లలు మేలు అత్తయ్యా" అంది కోడలు. దానికేం తెలుసు! చిన్నపిల్లగా ఉన్నప్పుడు నేను ఇంతకు పదింతలు. నా తిండి గోల ఒక పండుగ పూట ఇంటినంతా పస్తు కూర్చోబెట్టిందని, కొత్తగా వచ్చిన ఒక కోడలిని పుట్టింటి బండి ఎక్కించబోయిందని చెప్తే నమ్మదు. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట మాత్రం అది నవ్వులాట కాదు.

మేముండేది నంద్యాలలో. నాయన బడిపంతులు. ఇంట్లో తిండికి లోటు లేదు, లోటంతా నా నోట్లోనే. పప్పులో ఆవగింజ కనబడితే నాకు ముద్ద దిగదు. కరివేపాకు కనబడినా దిగదు. వంకాయలో గింజలు నా కంటికి పురుగులు. జొన్నరొట్టె మీద పెనం కాల్చిన నల్లమచ్చలను గోటితో గీకుతూ కూర్చుంటే, మచ్చలు పోయేసరికి రొట్టె కూడా పోయేది. పాల మీద మీగడ కనబడితే గ్లాసు పక్కకు తోసేదాన్ని. తెల్లన్నం, పెరుగు, పైన రవ్వంత చక్కెర, ఇదే నా భోజనం. అమ్మ గిన్నె పట్టుకొని వీధి అరుగు మీద కూర్చొని, "అదుగో జట్కా పోతాంది చూడు, ఆ" అని నోట్లో ఒక ముద్ద కుక్కేది. జట్కాకు ఒక ముద్ద లెక్క. మా ఇల్లు రైలు స్టేషనుకు పోయే దోవలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకుంటే నేను బతికి బట్టకట్టేదాన్ని కాదు.

ఇంట్లో ఎట్లాగో గడిచేది. పండుగలొస్తేనే అసలు తంటా. పండుగలన్నీ మా జేజి ఇంట్లో. నాయనమ్మను జేజి అని, తాతను జేజినాయన అని పిలిచేవాళ్ళం. వాళ్ళది ఆళ్లగడ్డ పక్కన పల్లె. నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, ఊరి నుంచి వచ్చే ఎద్దులబండి కోసం రోడ్డు పక్కన మూటల మీద కూర్చునేవాళ్ళం. ఆ పక్కనే విగ్రహాలు చెక్కేవాళ్ళు ఉలితో టకటకమనిపిస్తుండేవాళ్ళు. ముఖం రాని దేవుళ్ళు, చేతులు రాని దేవతలు ఎండలో వరసగా నిలబడి ఉండేవాళ్ళు. "బువ్వ తినకపోతే నువ్వు గూడా ఇట్లే సగంలో నిలిచిపోతావు" అని అమ్మ బెదిరించేది. నేను నమ్మి, బండి వచ్చేదాకా నోరెత్తకుండా అరటిపండు తినేదాన్ని. బండి వచ్చాక పచ్చిగడ్డి వాసన, ఇరుసుకు పూసిన ఆముదం వాసన, ఎద్దుల చెమట వాసన. ఆ వాసనలకు మాత్రం నేనెప్పుడూ వంక పెట్టలేదు.

మా జేజినాయన ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పంక్తిలో కూర్చున్నాక, అందరి విస్తర్లూ అయ్యేదాకా ఏ ఒక్కరూ లేవకూడదు. చిన్నపిల్లలకు కూడా మినహాయింపు లేదు. నల్లమల నుంచి తెచ్చిన మోదుగాకులతో కుట్టిన పెద్ద పెద్ద విస్తర్లు. పదిమంది మగవాళ్ళు తినేసి, ఎంగిలి చేతులు ఎండబెట్టుకొని కూర్చొని ఉంటే, పంక్తి చివర నేను ఆవాలు ఏరుతూ ఉండేదాన్ని. వాళ్ళు లేస్తేగానీ ఆడవాళ్ళ పంక్తికి చోటు దొరకదు. లోపలినుంచి ఆడవాళ్ళు తొంగి తొంగి చూసేవాళ్ళు.

"ఏమ్మా, విత్తనాలు ఏరతాండావా? ఏరినకాడికి ఇట్లియ్యి, చేలో చల్లుకుంటా" అనేవాడు జేజినాయన.

నేను తలెత్తేదాన్ని కాదు. నా పుణ్యమా అని ఆ పంక్తిలో లోకం మీది మాటలన్నీ దొర్లేవి. కర్నూల్లో గుడారాలేసి కచ్చేరీలు పెట్టినారంట అని ఒకరు. ఆ ఎండకు గుడారంలో కూర్చున్న దొర గూడా అప్పడమైపోతాడు అని ఇంకొకరు. "రాజధాని వచ్చె సరే, వాన ఎప్పుడొస్తాదో అది చెప్పండప్పా" అని జేజినాయన. అట్లా తిరిగి తిరిగి మాట చివరికి నా విస్తరి దగ్గరికే వచ్చేది.

నన్ను తినిపించడానికి ఆ ఇంట్లో చేయని ప్రయత్నం లేదు. జేజి ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పెదనాయన పిల్లలతో పందెం పెట్టించింది. వాళ్ళు తిని గెలిచారు, నేను తినకుండా ఓడిపోయాను, ఎవరికీ బాధ లేదు. పక్కింట్లో ఒక పెద్దవ్వ ఉండేది. ఊరిలో ఏ ఇంటి పొయ్యి దగ్గరైనా ఆమె మాటే చెల్లేది. ఆమె వచ్చి, "ఆముదం పట్టండి మే, పేగులు కడిగినట్లయితే ఆకలి అదే వస్తాది" అని తీర్పు చెప్పింది. పట్టారు. ఆకలి రాలేదు సరిగదా, తినే పెరుగన్నం కూడా రెండు రోజులు మానేశాను.

నేను చెప్పబోయే ఏడు మేము ఏరువాక పున్నమికి పోయాము. వేసవి సెలవులు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. ఆ ఏడే మా చిన్నాయనకు పెళ్ళయింది. చిన్నమ్మ ఆ ఇంటికి వచ్చి మూడు నెలలు. పుట్టిల్లు బేతంచెర్ల. నేలకు పరిచే నాపరాళ్ళు తవ్వే ఊరు కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళు ఆమెను "బండల ఊరి పిల్ల" అని ఎకసెక్కం చేసేవాళ్ళు. పప్పు కాస్త గట్టిగా ఉంటే "మీ ఊర్లో బండలతోనే వండుతారా ఏంది?" అనేవాళ్ళు. ఆమె మారు మాట్లాడేది కాదు. వంచిన తల ఎత్తకుండా మూడు పూటలా పొయ్యి ముందరే ఉండేది. చిన్నాయన మంచివాడే గానీ నోట్లో నాలుక లేని మనిషి. జేజినాయన ముందు నిలబడితే ఆయన నీడ కూడా ఒదిగి నిలబడేది.

మేము పోయిన మొదటి సాయంత్రమే చిన్నమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"నీకు ఏం వద్దో చెప్పు పాపా" అని అడిగింది.

నాకు ఆశ్చర్యం వేసింది. అంతవరకూ అందరూ ఏం కావాలని అడిగినవాళ్ళే. ఏం వద్దని ఎవరూ అడగలేదు. నేను వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాను. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. ఆమె నవ్వలేదు. శ్రద్ధగా విని, "సరే, తిరగమోత పెట్టకముందే నీకు ఒక గిన్నెలో తీసి పెడ్తా. ఎవరితో అనగాకు" అంది.

ఆ రోజునుంచి నా కోసం అటక కింద చిన్న ఇత్తడి గిన్నె ఒకటి ఉండేది. అందులో ఆవాలు లేని పప్పు, ఆకు లేని చారు. నేను తిన్నాను. నిజంగానే తిన్నాను. పంక్తి బిన్నా లేచింది, ఎవరూ ఎంగిలి చేతులు ఎండబెట్టుకోలేదు. ఎందుకు లేచిందో ఎవరూ ఆలోచించలేదు.

కానీ పొద్దున పూట సంగటి మాత్రం జేజి చేతిమీదనే జరిగేది. అక్కడ చిన్నమ్మ ఆటలు సాగవు. జేజి పిల్లలందరికీ వసారాలో కంచాలు పెట్టి, ఇంతింత సంగటి ముద్ద, పక్కన కారంగా నూరిన ఊరిబిండి వేసి పోయేది. వసారాకు ఆనుకొని ఎద్దుల కొట్టం. నా చెయ్యికి అందేంత దూరంలో పుల్లెద్దు గాడిలో మేస్తూ ఉండేది. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మూతి. మిగతా పిల్లలు లేచిపోగానే నేను సంగటి ముద్దలు దాని నోటికి అందించేదాన్ని. గరుకు నాలుకతో అరచెయ్యంతా నాకి మరీ తీసుకునేది. ఖాళీ కంచం చూసి జేజి, "పల్లె గాలి పట్టింది పిల్లకు" అని మురిసిపోయింది. పట్టింది నాకు కాదు, ఎద్దుకు.

ఏరువాక పున్నమి వచ్చింది. ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. నల్లరేగడి పగుళ్ళలో మా పిల్లల పాదాలు ఇరుక్కునేవి. అందుకే పెద్దవాళ్ళకు ఆ పండుగ మీద అంత ఆశ, అంత భయం. తెల్లారకముందే మగవాళ్ళు ఎద్దులను వంకకు తోలుకుపోయి తోమి తెచ్చి, కొమ్ములకు ఎర్రటి జాజు పూసి, మెడకు గజ్జెల పట్టీలు కట్టారు. లోపల శనగబేడలు ఉడికే వాసన, బెల్లం కరిగే వాసన, పెనం మీద నెయ్యి చిటపట. బక్ష్యాలు, అదే బొబ్బట్లు, చేసే పని ఆ పండుగకు చిన్నమ్మకు అప్పజెప్పారు. కొత్త కోడలికి అది పరీక్షే. ఎందుకంటే మా ఇంటి ఆచారం ప్రకారం, ఏరువాక రోజు ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు తన చేత్తో చేసిన బక్ష్యాన్ని తన చేత్తోనే ఎద్దుకు పెట్టాలి. ఎద్దు తింటే అరక కట్టి తొలిసాలు దున్ని వస్తారు. ఆ తర్వాతనే పెద్దలు విస్తరి ముందు కూర్చుంటారు.

పిల్లలు ఆకలికి ఆగరని మాకు మాత్రం ముందే పెట్టేశారు. నాకు ఒక బక్ష్యం, చిత్రాన్నం, గోంగూర ఊరిబిండి. జేజి నా ముందర నిలబడి చెయ్యి ఊపుతూ చెప్పింది.

"ఈ పొద్దు విస్తర్లో మెతుకు మిగలగూడదు. మిగిలితే సాయంత్రం ఎద్దుల పరుగు చూడను నిన్ను పంపను. ఆఁ!"

ఊరి మొగదలలో గోగునారతో పేనిన తోరణం కడతారు, ఎద్దులు దాని కిందుగా పరుగెత్తుతాయి, మగవాళ్ళు చర్నాకోలలతో కొట్టి తెంపుతారు. ఏడాదంతా నేను ఎదురు చూసేది అదొక్కటే. మెతుకు మిగలకూడదు, సరే. చిత్రాన్నం ఎట్లాగో పెదనాయన కొడుక్కి అంటగట్టాను. వాడు అందులోని మిరపకాయలు, కరివేపాకు నా విస్తర్లోకే తోసేశాడు. ఊరిబిండి అట్లాగే ఉంది. బక్ష్యం ఉంది. కొట్టంలోంచి పుల్లెద్దు నా వైపే చూస్తోంది. నేను తెలివిగా ఊరిబిండి అంతా బక్ష్యంలో పెట్టాను, మిరపకాయలూ కరివేపాకూ పైన పేర్చాను, చాప చుట్టినట్టు చుట్టాను. పుల్లెద్దు పాపం, రోజూ తినిపించే చెయ్యి కదా అని అనుమానం లేకుండా నోరు తెరిచింది.

రెండుసార్లు నమిలిందో లేదో, తల విదిలించింది. నాలుక బయటికి చాచింది. నోట్లోంచి సొంగ తీగలు తీగలుగా కారింది. గజ్జెలు ఘల్లుమనేట్టు కాలు నేలకేసి కొట్టింది. నేను విస్తరి మడిచి పారేసి, చెయ్యి కడుక్కొని, ఏమీ ఎరగనట్టు జేజి పక్కకు పోయి నిలబడ్డాను. "అంతా తినిందా నా బంగారు!" అని జేజి నా తల నిమిరింది.

కాసేపటికి వాకిలి నిండా జనం. చిన్నమ్మ పసుపుచీర కట్టుకొని, పళ్ళెంలో బక్ష్యాలు పెట్టుకొని వచ్చింది. ఎద్దు నుదుటికి బొట్టు పెట్టింది. ఒక బక్ష్యం మూతి దగ్గరికి తీసుకుపోయింది. ఎద్దు వాసన చూసి బుస్సుమని వెనక్కి తగ్గింది. జేజినాయన పగ్గం బిగించి, "మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు. మళ్ళీ వెనక్కే. మూడోసారి అది తల విసిరిన విసురుకు పళ్ళెం ఎగిరి వాకిట్లో పడింది. బక్ష్యాలన్నీ పేడ అలికిన నేల మీద చెల్లాచెదురయ్యాయి.

మొదట నోరు విప్పింది పక్కింటి పెద్దవ్వే.

"కొత్త కోడలి చెయ్యి ఎద్దుకు పడలే. నేనెప్పుడూ చూడలే తల్లీ ఇట్లాంటిది. వానలేని ఏడు, విత్తనం పడేదాకా ఆ పిల్లను పుట్టింట్లో ఉంచండి. కొట్టం దిక్కు గూడా రానీగాకండి."

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జేజినాయన కాడిని గోడకు ఆనించి, అరుగు మీద కూర్చున్నాడు. "అరక కదలకుండా నేను విస్తరి ముందర కూసోను" అన్నాడు. అంటే ఇంక ఎవరూ కూర్చోరు. లోపల అంత వంట అట్లాగే మూతలు పెట్టి ఉంది. వీధిలో పక్కవాళ్ళ ఎద్దులు గజ్జెలు మోగించుకుంటూ చేలకు పోతుంటే మా వాకిలి చావు ఇంటి వాకిలి లాగుంది. ఇంకొంచెం సేపటికి జేజి చిన్నాయనతో మెల్లగా, "పొద్దు వాలినంక బండి కట్టు. ఆళ్లగడ్డలో బస్సెక్కించుకోని పోయి బేతంచెర్లలో దిగబెట్టి రా" అంది. చిన్నాయన తల వంచుకొని నిలబడ్డాడు.

అట్లా పోయిన కోడలు రేపు తిరిగొస్తుంది, సరే. చెయ్యి మంచిది కాదన్న మాట తిరిగి పోతుందా? ఏ బిడ్డకు జ్వరమొచ్చినా, ఏ గొడ్డు ఈసుకుపోయి దూడ దక్కకపోయినా ఆమె చేతినే చూస్తారు. ఎనిమిదేళ్ళ నాకు ఇదంతా తెలియదు గానీ, చిన్నమ్మ పెరట్లో అరుగు మీద కూర్చొని తన రెండు అరచేతులూ చూసుకుంటుంటే మాత్రం, దూరంగా ఉండలేక దగ్గరికి పోయాను.

నన్ను చూసి ఆమె కళ్ళు తుడుచుకుంది. లోపలికి పోయి చిన్న ఇత్తడి గిన్నె తెచ్చింది.

"ఆ చిత్రాన్నం నీ నోట్లోకి పోయిండదు, పండగపూట పిల్లలు పస్తుండగూడదు. నీకని ఆవాలు లేకుండా తీసిపెట్టినా. తిను" అంది. "రేపటినుంచి మీ అమ్మకు చెప్పి పోతాలే, తిరగమోతకు ముందే తీయమని."

నేను గిన్నె అక్కడే పెట్టి, ముందు వాకిట్లోకి పరుగెత్తాను. జేజినాయన మోకాళ్ళ దగ్గర ఆగాను. ఏడుపూ మాటా కలిసే వచ్చాయి.

"జేజినాయనా, ఎద్దుకు కారం పెట్టింది నేను."

"ఏందీ?"

"బక్ష్యంలో ఊరిబిండి పెట్టి చుట్టి ఇచ్చినా. మిరపకాయలు గూడా. తినలేక."

అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. కానీ పెద్దవ్వ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండుమే, దాన్నెందుకు కొడ్తావు? పసిపిల్లకు ఎట్ల నేర్పించి పంపిందో చూడు! ఆ పిల్లే గదా దీనికి చాటుగా గిన్నెలో పప్పు పెట్టేది. నా కండ్లు మూసుకుపోయినాయనుకున్నారా?" అంది.

పుట్టిన తర్వాత మొదటిసారి తిండి విషయంలో నిజం చెప్తే, ఎవరూ నమ్మలేదు. నేను ఒట్టు పెట్టాను. కాళ్ళు నేలకేసి కొట్టాను. పెద్దవ్వ తల ఊపుతూనే ఉంది. జేజి కూడా, "చిన్నమ్మ మీద ప్రేమతో అంటాందేమో" అంది.

జేజినాయన నా మొహం చాలాసేపు చూశాడు. లేచి పంచె ఎగ్గట్టాడు.

"మనుషులు అబద్ధం చెప్తారు. ఎద్దు చెప్పదు. పట్టండిరా" అన్నాడు.

ఎద్దు వయసు తెలుసుకోవడానికి రైతులు పళ్ళు చూస్తారు కదా, అట్లా ఆయన ఎద్దు ముక్కు పట్టి, నాలుక ఒక పక్కకు లాగి, దవడ లోపలికి వేళ్ళు పోనిచ్చాడు. మెల్లగా బయటికి తీశాడు. అరచేతిలో మిరపకాయ తోలు ఒకటి, నలిగిన కరివేపాకు ఒకటి. ఆ చెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. పెద్దవ్వ ముక్కు దగ్గర ఇంకొంచెం సేపు ఎక్కువ చూపించాడు.

"ఈ ఇంట్లో కరివేపాకు మింగకుండా పక్కన పెట్టేది ఒక్కతే. అది బేతంచెర్లనుంచి రాలే, నంద్యాలనుంచి వచ్చింది."

ఎవరో కిసుక్కుమన్నారు. జేజినాయన మాత్రం నవ్వలేదు. వెదురు గొట్టంతో ఎద్దు నోట్లో మజ్జిగ పోయించి, కడిగించి, "ఇప్పుడు పెట్టమ్మా" అని చిన్నమ్మను పిలిచాడు. ఆమె లోపలినుంచి ఇంకో బక్ష్యం తెచ్చింది. ఎద్దు వాసన చూసింది. మళ్ళీ వెనక్కి తగ్గింది.

"దాని నోరు కాలింది. బక్ష్యం అంటేనే నమ్మకం పాయె" అన్నాడు జేజినాయన. నా వైపు తిరిగాడు. "పోగొట్టింది నువ్వు. నువ్వే తేవల్ల."

"నేనేం చేయల్ల?"

"తిను. దాని ముందర కూసోని తిను. నువ్వు తింటాంటే అది చూడల్ల."

జేజి అదిరిపడింది. "ఎంగిలా? పండగపూట బసవన్నకు ఎంగిలి పెడ్తారా?"

"ఎద్దుకు ఎంగిలేందే! పొద్దస్తమానం అది నెమరేసేది దాని ఎంగిలే గదా!" అన్నాడు జేజినాయన.

నన్ను గాడి గట్టు మీద కూర్చోబెట్టారు. చిన్నమ్మ బక్ష్యం నా చేతికిచ్చింది. వీధి వీధంతా చూస్తోంది. పెరుగన్నం పిల్ల బక్ష్యం తినడం వాళ్ళకు ఎద్దుల పరుగుకన్నా పెద్ద వేడుక. నేను కళ్ళు మూసుకొని కొరికాను. నెయ్యి గడ్డం మీదికి కారింది. మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. ఏదో పొట్టు పంటికింద పడింది. ఉమ్మాలనిపించింది. ఎదురుగా రెండు పెద్ద నల్లటి కళ్ళు. ఎద్దు ఊపిరి నా మొహం మీద కొడుతోంది. ఉమ్మితే అయిపోయింది, చిన్నమ్మ బండెక్కినట్టే. మింగాను. ఇంకో కొరుకు. మింగాను. సగం అయింది.

పుల్లెద్దు మెడ చాచింది. నా మూతి వాసన చూసింది. గరుకు నాలుకతో నా గడ్డం మీది నెయ్యి నాకింది. నేను మిగతా సగం ముందుకు చాపాను. నా చెయ్యి కింద చిన్నమ్మ తన చెయ్యి పట్టింది. ఎద్దు ఒక క్షణం ఆగి, నాలుక చుట్టి లాక్కుంది. ఆ తర్వాత చిన్నమ్మ ఒక్కతే ఇంకొకటి పెట్టింది. తినింది. ఇంకొకటి. అదీ తినింది. చిన్నమ్మ దాని మెడ మీద తల పెట్టి నిలబడిపోయింది.

"ముహూర్తం దాటిపాయె" అని పెద్దవ్వ గొణిగింది.

"ఎద్దు తినిందే ముహూర్తం" అని జేజినాయన కాడి ఎత్తాడు. చిన్నాయన ఉరికి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఆయన అంత వేగంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు.

వాన ఆ రోజు పడలేదు. పదీ పన్నెండు రోజులు ఆగి పడింది, ఊరందరికీ ఒకేలాగే పడింది. దాన్ని ఎవరూ ఏ చేతికీ అంటగట్టలేదు.

సాయంత్రం తోరణం చూడడానికి నన్ను పంపలేదు. జేజి అన్న మాట మీద నిలబడింది. డప్పుల మోత, కుర్రవాళ్ళ ఈలలు వినబడుతుంటే వంటింట్లో మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకొని కూర్చున్నాను. ఇల్లంతా ఖాళీ. చిన్నమ్మ కూడా పోవచ్చు, పోలేదు. అందరికీ వడ్డించి, అందరి ఎంగిళ్ళూ ఎత్తి, అప్పుడు తనకు విస్తరి వేసుకుంది. నా మీద కోపమేమో అని ఓరకంట చూశాను. ఆమే మాట్లాడింది.

"పాపా, నిజం చెప్పు. బక్ష్యం ఎట్లుండె?"

నేను ఆలోచించాను. ఆ రోజు ఒకసారి నిజం చెప్పి చూశాను కాబట్టి ఇంకోసారి కూడా చెప్పాలనుకున్నాను.

"బాగుండె చిన్నమ్మా. యాలక్కాయ పొట్టు మాత్రం వేయగాకు."

ఆమె పకపకా నవ్వింది. మూడు నెలల్లో ఆ ఇంట్లో ఆమె నవ్వు ఎవరైనా విన్నారో లేదో. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మూడు నెలలాయె పాపా, మూడు పూటలా వండుతాండా. ఉప్పెక్కువాయె, పులుపు తక్కువాయె అన్నోళ్ళే గానీ బాగుండాదని ఒక్కరూ అనలే. మీ చిన్నాయన గూడా అనలే. అన్నిటికీ వంక పెట్టేదానివి, నువ్వన్నావు చూడు..."

మాట పూర్తి కాలేదు. విస్తరి ముందర కూర్చొని, కొంగుతో మొహం కప్పుకొని ఏడ్చింది. నేనేమన్నా తప్పు మాట్లాడానేమో అని భయపడ్డాను. బయట తోరణం తెగినట్టుంది, ఊరంతా ఒక్కసారి అరిచింది.

ఆ వంటిల్లు ఇప్పుడు లేదు. కొట్టం కూల్చి గోదాము కట్టారు. ఏరువాకకు ట్రాక్టరు చక్రాలకు బొట్టు పెడతారట, దానికి ఏం పెట్టినా వద్దనదు. చిన్నమ్మ ఆ ఊళ్ళోనే యాభై ఏళ్ళకు పైగా బతికి, ఆమె చెయ్యి పడితే చాలు అని పెళ్ళిళ్ళకు వంటకు పిలిపించుకునే మనిషై పోయింది. నాకు ఆమె గుర్తొస్తే ఆ పేరూ ఆ గౌరవమూ గుర్తు రావు. ఖాళీ ఇంట్లో ఏడుస్తున్న ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లే గుర్తొస్తుంది. ఆమె ఏడుపు ఎట్లా ఆపాలో నాకు తెలియలేదు. అందుకే ఆమె విస్తర్లోంచి ఒక బక్ష్యం తీసుకొని, ఆమెకు వినబడేట్టు గట్టిగా నములుతూ, పొట్టుతో సహా మొత్తం తిన్నాను.